నెత్తళ్ళ ఊట లేని కీరాలు

మే 26

దాన్బీకి నెల తప్పిందట. రెండు నెలలు దాటేదాకా మాకు చెప్పలేదు. పోయిన ఆకురాలు కాలంలో జరిగినదాని తర్వాత ఎవరు మాత్రం ముందే చెబుతారు? నేను తప్పు పట్టను. కొంచెం పట్టాను, పైకి అనలేదు.

ఫోన్ చేసింది అల్లుడు తేగ్యూ. "అత్తయ్యా, వేవిళ్ళు చాలా ఎక్కువగా ఉన్నాయి. మంచినీళ్ళు తాగినా కక్కేస్తోంది. ఏం తింటావని అడిగితే కీరా కిమ్చీ అంటోంది. అది కూడా..."

"అర్థమైంది బాబూ. రేపే పంపిస్తా" అని పెట్టేశాను. ఇంక వినాల్సిందేముంది? ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నా చేతి కీరాల ఊరగాయ తిని పెరిగిన పిల్ల. ఆ చున్‌చన్‌లో, కొండల మధ్య, ఉప్పూ కారం తెలియని జనం మధ్య నాలుగేళ్ళు గడిపినా, కడుపుతో ఉన్నప్పుడు నాలుక పుట్టింటినే అడుగుతుంది.

ఆయన టీవీలో బేస్‌బాల్ చూస్తున్నారు. విషయం చెబితే "ఊఁ" అన్నారు. కాసేపటికి ఆట మధ్యలోనే టీవీ కట్టేసి అలా కూర్చున్నారు. పెళ్ళయ్యాక ఆట మధ్యలో కట్టేయడం చూడటం ఇదే మొదటిసారి.

ఈ పుస్తకం దాన్బీ స్కూల్లో చదివేటప్పటిది, సగం ఖాళీగానే ఉంది. రేపటిదాకా చేతులు ఊరుకోవడం లేదు కనుక రాస్తున్నా.

మే 27

పొద్దున్నే బజారుకి వెళ్ళి లేత కీరాలు ఏరి తెచ్చాను. బొడిపెలు గుచ్చుకునేంత తాజావి. రాళ్ళ ఉప్పుతో రుద్ది కడిగి, ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేసి, అడుగు తెగకుండా గుత్తిగా చీల్చి, మరుగుతున్న ఉప్పు నీళ్ళు పోశాను. చన్నీళ్ళు పోసేవాళ్ళున్నారు. వాళ్ళ కీరాలు మర్నాటికే మెత్తబడి నోట్లో జారుతుంటాయి. వేడి నీళ్ళు పోస్తేనే కరకరలాడతాయి, ఇది మా అమ్మ నేర్పింది.

లోపల కూరే కూరులో ఉల్లికాడల్లాంటి సన్నాకు, వెల్లుల్లి, అల్లం, మిరప్పొడి, రేగుపండ్ల పాకం కాస్త. ఆ తర్వాత నెత్తళ్ళ ఊట, ఉప్పులో ఊరిన చిన్న చేపల రసం. మేడ మీద జాడీలో మూడేళ్ళు ముగ్గినది. వానలో, ఎండలో, మంచులో, నేను తప్ప ఎవరూ మూత తీయనిది. ఈ వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా గిన్నె పట్టుకుని నా దగ్గరికే వస్తారు. ఈసారి ఊట ధారాళంగా పోశాను. నీరసంగా ఉన్న పిల్లకి వాసన తగిలితే చాలు, ఆకలి లేచి కూర్చుంటుంది.

మంచు ముక్కలు సర్ది, తెల్ల థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పార్సిల్ వాడికి ఇచ్చాను. "తలకిందులు చేశావంటే ఊరుకోను" అన్నాను. "ప్రతిసారీ అంటారు కదమ్మా" అన్నాడు.

మే 28

చేరి ఉంటుంది. ఫోన్ రాలేదు.

మే 29

రాలేదు. మేడ మీద జాడీల మూతలన్నీ తుడిచాను. నిన్న తుడిచినవే. ఓడరేవు దాకా నడిచి, అక్కడ ఏమీ కొనకుండా తిరిగొచ్చాను. తింటూ ఉండుంటుంది, అందుకే తీరిక లేదు.

మే 30

నేనే చేశాను. తేగ్యూ తీశాడు.

"చాలా బావున్నాయత్తయ్యా. నేను రోజూ తింటున్నా."

"నువ్వు తినడానికి పంపానా? అది తిన్నదా?"

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. నీళ్ళు నమిలి నమిలి చివరికి కక్కాడు. పెట్టె మూత తీయగానే దాన్బీ నోరు మూసుకుని పరుగెత్తిందట. ఇప్పుడు డబ్బా బాల్కనీలో, మూత మీద ఇంకో మూత పెట్టుకుని, శిక్ష పడ్డ దొంగలా ఉందట. ఈ మాట అతను అనలేదు, నాకనిపించింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నన్ను ఓదార్చడానికి కాబోలు, "కంగారు పడకండత్తయ్యా. మా అమ్మ చేసిన కీరాలు మాత్రం కొంచెం కొంచెం తింటోంది. మొదట్నుంచీ అవే అడుగుతోంది" అన్నాడు.

మొదట్నుంచీ అవే!

వియ్యపురాలి కీరాలు నేనెరగనివా? పెళ్ళికి ముందు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తిన్నాను. నెత్తళ్ళ ఊట చుక్క లేదు. ఉప్పు రొయ్యలు లేవు. కీరాకి కారంనీళ్ళతో స్నానం చేయించి పళ్ళెంలో పెట్టారు. అప్పుడే ఈయనతో అన్నాను, "ఇది ఆసుపత్రి తిండండీ, మన పిల్ల చిక్కిపోతుంది" అని. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? పెరటి చెట్టు మందుకి పనికిరాదు మరి.

ఏడవలేదు. ఉల్లిపాయలు కోస్తున్నాను.

జూన్ 1

దాన్బీయే చేసింది. గొంతు సన్నగా, గోడ అవతలి నుంచి వచ్చినట్టుగా ఉంది.

"అమ్మా, కోపం వచ్చిందా?"

"నాకెందుకే కోపం?"

"నీ కీరాలంటే నాకిష్టమే. ఇప్పుడే పడటం లేదు. ఆ వాసన..."

"ఏం వాసన?"

"ఊట వాసనమ్మా. ఇంకేముంటుంది?"

ఆ వాసనలో పుట్టింది, ఆ వాసనలో పెరిగింది. చిన్నప్పుడు ఉత్తి అన్నంలో ఊట చుక్క వేసుకుని తిని, గిన్నె నాకేది. ఇవన్నీ ఏకరువు పెట్టాను. అది అంతా విన్నది. తర్వాత మెల్లగా అడిగింది. "ఊట వేయకుండా చేసి పంపగలవా? నీ చేతివే, ఊట లేకుండా."

"ఓ, దానికేముంది? అదెంత పని!" అన్నాను.

నిజంగానే ఎంత పని? ఒక వస్తువు వేయకపోవడమే కదా. వేయడానికి కష్టపడాలి గాని మానడానికేముంది.

జూన్ 2

చేశాను. పంపాను. ఊట వేయలేదు.

అర చెంచా వేశాను. అది వేసినట్టు కాదు. కూరు అంతా కలిపాక రుచి చూస్తే ఏమీ లేదు, నోట్లో శూన్యం. దాన్ని నా పేరు మీద పంపడానికి మనసొప్పలేదు. చెయ్యి దానంతటదే సీసా మీదికి పోయింది. అర చెంచా అంత గిన్నెడు కూరులో ఎక్కడ కలిసిపోతుందో దేవుడికి కూడా తెలియదు. పైగా అందులో బలం ఉంది. కన్నతల్లిని, దాని మంచి నాకు తెలియదా?

జూన్ 4

"అమ్మా, వేశావు కదూ."

"లేదే."

"వేశావమ్మా."

"అబ్బ, లేదంటుంటే!"

అవతల ఊపిరి వినిపించింది. "నోట్లో పెట్టుకున్నాక తెలిసింది. అప్పట్నుంచి ఏం తిన్నా కక్కేస్తున్నా. ఇంక ఏమీ పంపకమ్మా. ప్లీజ్."

ఫోన్ తేగ్యూ తీసుకున్నాడు. నిన్న సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాడట. బరువు తగ్గుతోందట. ఇలాగే ఉంటే చేర్చుకోవాల్సి వస్తుందన్నారట. ఇంకా ఏదో చెప్పాడు. నాకు పోయినసారి ఆసుపత్రి వరండాలో దాన్బీ చెప్పులు గుర్తొచ్చాయి. ఒకటి తిరగబడి ఉంది. దాన్ని సరిచేసి పెట్టాను నేను. వేరే ఏమీ చేయలేకపోయాను.

జూన్ 5

అర చెంచా.

జూన్ 7

ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని ఆయన అన్నారు. కూర్చోమన్నారు. కూర్చున్నాను. లేచాను. బియ్యం కడిగాను. కడిగిన బియ్యమే మళ్ళీ కడిగాను.

"దాన్బీ అమ్మా" అన్నారు ఆయన, "ఆ పిల్ల తినాలా, నీ కీరాలు తినాలా?"

"రెండూ ఒకటే కదా?"

"ఒకటేనా?"

నలభై ఏళ్ళు పడవ మీద సముద్రాన్ని చూస్తూ గడిపిన మనిషి. పలకక పలకక ఒక్క మాట పలికితే ఇలాంటిది పలుకుతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు ఈరోజు కూర లేదు" అన్నాను. ఆయన ఫ్రిజ్‌లో మిగిలిపోయిన కీరాలే అన్నంలో నంజుకుని తిన్నారు, బావున్నాయని కూడా అన్నారు. ఆయన్ని ఎవరడిగారు?

జూన్ 8

భయంగా ఉంది. అంతే. వేరే ఏం రాసినా దీని చుట్టూ తిరగడమే. ఈసారి కూడా ఆ బిడ్డ నిలవకపోతే నా కూతురు ఇంకోసారి లేవలేదు. పోయినసారి వారాల తరబడి గోడకేసి తిరిగి పడుకుంది, నేను చూశాను.

నా అర చెంచా వల్ల కాదు. డాక్టరు కూడా అనలేదు. నేనే అనుకుంటున్నాను.

జూన్ 10

వియ్యపురాలు ఫోన్ చేసింది. ఈ నాలుగేళ్ళలో పండగ పూటలు తప్ప ఆవిడ నాకు ఫోన్ చేసింది లేదు, నేనూ చేసింది లేదు. పేరు చూడగానే దాన్బీకేదో అయిందనుకున్నాను.

"వదినగారూ, బాగున్నారా? అన్నయ్యగారు బాగున్నారా? అక్కడ వానలు పడుతున్నాయా?"

ఆ కొండప్రాంతం వాళ్ళు అంతే, ఇల్లు అంటుకున్నా ముందు వానల సంగతి అడుగుతారు. "దాన్బీకి ఏమైంది చెప్పండి ముందు!" అని అరిచాను.

"అమ్మాయికేం కాలేదండి. నాకే అయింది."

బంగాళాదుంపలు తవ్వుతూ చాలు గట్టు మీద కాలు జారి పడిందట. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. చెయ్యి కదలదు. ఉన్న కీరాలు మొన్నటితో అయిపోయాయి, రెండు రోజుల నుంచి దాన్బీ మళ్ళీ ఏమీ ముట్టడం లేదు. తేగ్యూ బయట కొట్లో కొనితెచ్చినవి పెడితే అందులో కూడా ఊట ఉందట.

"చెయ్యి విరిగిందని పిల్లకి చెప్పలేదండి. చెబితే ఇంక అడగడం మానేస్తుంది. అసలే మొహమాటస్తురాలు. వదినగారూ, మీరొచ్చి చేసిపెడతారా? మా ఇంట్లో. ఎలాగో నేను చెబుతాను."

ఎలాగో ఆవిడ చెబుతుందట! కీరాలు ఎలా చేయాలో! నాకు!

"చూస్తానండి" అని పెట్టేశాను.

జూన్ 11

చూసేదేముంది, వెళ్తున్నాను. వియ్యాలవారి ఇల్లూ మరుగుదొడ్డీ ఎంత దూరముంటే అంత మంచిదని మా అమ్మ చచ్చేదాకా చెప్పింది. ఇప్పుడు ఆ ఇంట్లోనే పడుకుని, ఆ ఇంటి మరుగుదొడ్డికే వెళ్ళాలి. కర్మ.

ఆయన సంచీ సర్దిపెట్టారు. చెప్పకుండానే. ఉత్త చేతులతో వియ్యాలవారింటికి పోలేం గనుక మేడ మీదికెళ్ళి, అన్నిటికంటే పాత జాడీలోంచి ఒక సీసాడు ఊట వడగట్టుకొచ్చాను. అంతకంటే విలువైనది నా దగ్గర ఏముంది?

"అది ఎందుకు?" అన్నారు ఆయన.

"ఆవిడకి. పిల్లకి కాదు."

ఆయన ఏదో అనబోయి, "గట్టిగా బిగించు" అన్నారు.

జూన్ 12

గట్టిగానే బిగించాను.

రైల్లో వేడికి పొంగిందో, కుదుపులకి కదిలిందో, సియోల్ దాటేసరికి పెట్టెలో జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మొదలుపెట్టారు. ముందు నేను కూడా చూశాను, ఎవరబ్బా అని. తర్వాత నా ఒడి తడిగా తగిలింది. సంచీ, బట్టలు, కోటు, చేతులు, అంతా మూడేళ్ళ ఊట. నా పక్కన కూర్చున్న కుర్రాడు లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు, చున్‌చన్ దాకా. నేను కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చున్నాను. ఇంకేం చేయను?

స్టేషన్లో తేగ్యూ సంచీ అందుకుని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు. మంచి పిల్లాడు. ముందు మా అమ్మ ఇంటికి వెళ్దాం, మీరు స్నానం చేసి బట్టలు మార్చుకుందురు అన్నాడు. నేను వినలేదు. ముందు దాన్ని చూస్తాను, గుమ్మంలోంచే చూస్తాను అన్నాను. ఎనిమిది నెలలైంది చూసి.

వాళ్ళది రెండో అంతస్తు. తలుపు తీసింది. మొహం పాలిపోయి, కళ్ళు లోతుకు పోయి, నా చిన్నప్పటి మా అమ్మలా ఉంది. "అమ్మా" అని రెండు చేతులూ చాపింది. నేను అడుగు వేశాను. దాని మొహం మారింది. చాపిన చేతుల్లో ఒకటి నోటి మీదికి పోయింది, రెండోది నన్ను అక్కడే ఆగమని గాల్లో నిలబడింది. తర్వాత లోపలికి పరుగెత్తింది. బాత్‌రూమ్ తలుపు శబ్దం, తర్వాత కక్కుతున్న శబ్దం. కక్కడానికి లోపల ఏముందని? ఉత్త గాలి.

నేను మెట్ల మీదికి వచ్చేశాను. తలుపు సందులోంచి దాని ఏడుపు వినిపించింది. "సారీ అమ్మా, సారీ అమ్మా, రావద్దు" అంటూనే ఉంది. నా కన్నబిడ్డ, నన్ను ముట్టుకోలేకపోయింది. "ఫరవాలేదులే, రానులే" అని మెట్ల మీంచే అరిచాను. పై అంతస్తు వాళ్ళు తొంగి చూశారు.

వియ్యపురాలింట్లో నా బట్టలు రెండుసార్లు నానబెట్టారు. ఒంటి మీద ఇప్పుడు ఆవిడ బట్టలు. నా కంటే పొట్టి మనిషి, చీలమండలు బయటికి కనబడుతున్నాయి. చేతులు రాళ్ళ ఉప్పుతో తోమాను, నిమ్మచెక్కతో తోమాను, ఆవిడ కాఫీ పిప్పి ఇస్తే దాంతోనూ తోమాను. నా ముక్కుకి తెలియడం లేదు. ఆవిడని వాసన చూడమన్నాను. వంగి చూసి, "కొంచెం ఉందండి" అంది. గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయింది. నలభై ఏళ్ళ వాసన ఒక్క పూటలో ఎలా పోతుంది?

జూన్ 13

ఆవిడ వంటిల్లు. ఆవిడ కత్తి. ఆవిడ స్టూలు మీద ఆవిడ, మెడలోంచి పట్టీ వేసుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆవిడ పొట్టి పైజామాలో నిలబడ్డాను.

కీరాలకి వేడి ఉప్పు నీళ్ళు పోస్తుంటే, "మీరూ వేడివే పోస్తారా?" అంది.

"మరి చల్లవి పోస్తే మెత్తబడవూ?"

"మా అత్తగారు కూడా అలాగే అనేదండి."

అదొక్కటి కలిసింది. ఆ తర్వాత ఏదీ కలవలేదు. వెల్లుల్లి దంచబోతే "కొంచెమే చాలు" అంది. అల్లం తీస్తే "వద్దండి" అంది. ఉడికిన బంగాళాదుంప మెదిపి, పియర్ పండు రసంలో కలిపి, అందులో మిరప్పొడి నానబెట్టమంది. కిమ్చీలో బంగాళాదుంప! పైకి ఏమీ అనలేదు. మొహం అనే ఉంటుంది, ఎందుకంటే ఆవిడ, "మా వైపు వరి పండదు కదండీ, బియ్యప్పిండి జావ కాచడానికి బియ్యం ఎక్కడివి? దుంపలే" అంది.

కూరు కలుపుతున్నాను. నా ఎడం చెయ్యి అలమర మీదికి పోయింది. ఏదో వెతుకుతోంది.

"ఏం కావాలండి?"

"ఏం లేదు."

కాసేపటికి మళ్ళీ పోయింది. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు, నవ్వింది. నాకు ఉడుకెత్తిపోయింది. "ఇందులో ఏముందని చెప్పండి, వదినగారూ? దేని రుచి ఇది? నోట్లో పెట్టుకుంటే ఏం తెలుస్తుంది?" అనేశాను.

"కీరా తెలుస్తుందండి" అంది ఆవిడ.

గుత్తుల్లోకి కూరు కూరుకుంటూ ఉండిపోయాను. తర్వాత ఆవిడే మెల్లగా మొదలుపెట్టింది. తల వంచుకుని, కట్టు మీది దారం పోగు లాగుతూ.

"పెళ్ళై నాలుగేళ్ళయింది. ఇది కావాలత్తయ్యా అని అమ్మాయి ఎప్పుడూ అడిగింది లేదండి. పెడితే తింటుంది, బాగుంది అంటుంది, గిన్నెలు కడిగి వెళ్తుంది. మొదటిసారి ఇదే అడిగింది. అడిగిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అవి అయిపోవస్తుంటే మళ్ళీ చేద్దామని పొద్దున్నే లేచి దుంపలు తవ్వాను, కొత్త దుంపయితే ఇంకా బావుంటుందని. అప్పుడే పడ్డాను. ఇంత సంబరపడ్డందుకే చెయ్యి విరిగిందేమో అనుకున్నానండి. మీ వంతు నేను లాక్కున్నందుకు."

నేనేమన్నా గొప్ప మాట అని ఉంటే బాగుండేది. "చెయ్యి విరిగింది కాలు జారి" అన్నాను. "నోరు తెరవండి, ఉప్పు చూడండి."

ఒక చిన్న ముక్క చుట్టి ఆవిడ నోట్లో పెట్టాను. మా వైపైనా, వాళ్ళ వైపైనా ఉప్పు చూపించడం ఇలాగే కదా, చేత్తో నోట్లో పెట్టడమే. వియ్యపురాలి నోట్లో నా వేళ్ళు. ఇద్దరికీ సిగ్గేసింది. ఆవిడ నమిలి, కళ్ళు మూసుకుని, "ఇంకాస్త ఉప్పు" అంది. నేనూ ఒకటి తిన్నాను.

బాగుంది. ఇక్కడ రాసుకుంటున్నాను గనుక ఒప్పుకుంటున్నా. కరకరలాడుతూ, చల్లగా, కారం వెనకాల నుంచి వచ్చింది. ఆవిడతో "ఫరవాలేదు" అన్నాను.

మధ్యాహ్నం తేగ్యూ వచ్చాడు. డబ్బా చేతికిస్తూ "అత్తయ్యా, మీరు చేశారని చెప్తాను. సంతోషిస్తుంది" అన్నాడు.

నాకు ఎంత కావాలనిపించిందో! చెప్పమని నాలుక దాకా వచ్చింది. కాని నేను చేశానంటే అది మూత తీయదు. వేయలేదంటాను, వేస్తాను, అది దానికి తెలుసు. నా మాటకి విలువ లేకుండా చేసుకున్నది నేనే, ఇంకెవరో కాదు.

"మీ అమ్మ చేసిందని చెప్పు" అన్నాను.

వియ్యపురాలు స్టూలు మీంచి లేచింది. "అదేం మాటండి?"

"అంతే చెప్పు."

అతనితోనే బస్సెక్కాను. పైకి వెళ్ళలేదు, వాళ్ళ తలుపుకి కింది మెట్ల మీద కూర్చున్నాను, గోడకి దగ్గరగా, వాసన పైకి పోకుండా. తేగ్యూ తలుపు కొంచెం తెరిచి ఉంచి లోపలికి వెళ్ళాడు. కుర్చీ లాగిన శబ్దం. మూత తీసిన శబ్దం. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంతసేపో ఏమీ లేదు. పరుగెత్తుతుందేమోనని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను, నేనే కక్కుతానేమోనన్నట్టు.

కరకర.

మళ్ళీ కరకర. మళ్ళీ. "కొంచెం అన్నం పెట్టవా?" అంటోంది మొగుణ్ణి. నా కూతురు అన్నం అడుగుతోంది. చెంచా గిన్నెకి తగులుతోంది. నేను మెట్ల మీద కూర్చుని పిచ్చిదానిలా గోడకేసి నవ్వాను, తర్వాత వియ్యపురాలి చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాను. చెత్తబుట్ట పట్టుకుని దిగుతున్న ముసలాయన నన్ను దాటుకుని వెళ్ళడానికి అవస్థ పడ్డాడు.

కాసేపటికి తలుపు దగ్గర అడుగులు. తలుపు పూర్తిగా తెరుచుకోలేదు.

"అమ్మా, ఉన్నావా అక్కడ?"

"ఉన్నాను. రాకు, రాకు."

"రావట్లేదులే, ముక్కు మూసుకున్నా." నిజమే, ముక్కుతో మాట్లాడుతోంది. "అమ్మా, తిన్నాను. కడుపులో నిలిచింది."

"విన్నాను."

"నువ్వు ఏమీ అనుకోకు. ఎప్పుడైనా నాకు నీ చేతివే ఇష్టం. ఇప్పుడే..."

"అనుకోనులే. ఎవరి చేతివైతే ఏం?" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో! అంత తేలిక కాదు.

"ఒక మాట అడగనా? రేపటికి కూడా చేయమని అత్తయ్యతో చెప్తావా? రోజూ అడగాలంటే నాకు మొహమాటంగా ఉంది. నిన్నైతే ఏమైనా అడగగలను."

"చెబుతాను" అన్నాను.

"నువ్వు అడిగినట్టే చెప్పు, నేను అడిగానని చెప్పకు."

"సరేలేవే. లోపలికి పో, గాలి తగులుతుంది."

బస్సులో నిలబడే వచ్చాను. కూర్చునే చోటు ఉంది, కూర్చోలేకపోయాను. వియ్యపురాలు వీధిలోనే నిలబడి ఉంది, ఎప్పట్నుంచో మరి.

"మీ కోడలు రేపటికి కూడా చేయమంటోంది, వదినగారూ" అన్నాను. "మీరే చేయాలట. ఇంకెవరి చేతివీ వద్దట."

ఆవిడ నా వంక చూసింది. కట్టు వంక చూసుకుంది. మళ్ళీ నా వంక చూసింది.

"చేస్తానని చెప్పండి" అంది. లోపలికి నడిచి, కీరాల బుట్ట ఎడంచేత్తో నా ముందుకి జరిపింది.